టంకశాల తప్పా, తర్వాత తగిలిన దెబ్బా? నాణెం మీది లోపాన్ని తేల్చుకోవడం ఎలా

చిల్లరలో వచ్చిన రూపాయి బిళ్ళ అంచు ఎవరో కొరికినట్టుంది. ఇంకోదాని మీద సింహాల పక్కన బొడిపె లేచింది. ఐదు రూపాయల మీద అంకె రెండుగా కనిపిస్తోంది. ఫోన్ తెరిస్తే ఇలాంటివాటికి లక్షలిస్తామనే వీడియోలకు కొదవ లేదు. అమ్మడానికైనా కొనడానికైనా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ లోపం నాణెం ప్రెస్సులోంచి బయటపడక ముందే పుట్టిందా, బయటపడ్డాక వచ్చిందా? ముందే పుట్టినదానికే సేకర్తల దగ్గర విలువ. తర్వాత వచ్చింది చూడ్డానికి ఎంత వింతగా ఉన్నా దెబ్బే. కిరాణా కొట్టువాడు తీసుకుంటే అదే గొప్ప.

తేడా పట్టడానికి ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఇది: లోహం ఎటు పోయింది? టంకశాల ప్రెస్సులో బిళ్ళ మీద పదుల టన్నుల ఒత్తిడి పడుతుంది. అంత ఒత్తిడికి గట్టి లోహం కూడా పారి, అచ్చులోని ప్రతి గుంటలోకీ చేరుతుంది. బయటి ప్రపంచంలో సుత్తి, ఆకురాయి, లారీ చక్రం, యాసిడ్ ఏదైనా లోహాన్ని గీస్తుంది, నలగ్గొడుతుంది, కోస్తుంది, తినేస్తుంది. అలా పారించడం మాత్రం వాటివల్ల కాదు. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ ప్రశ్నకు జవాబు వెతికేవే.

ముందుగా: కడగొద్దు

చింతపండు, పీతాంబరి, పళ్ళపొడి, నిమ్మకాయ, ఏదీ వద్దు. రుద్దితే పైపొర మెరుపుతోపాటు సాక్ష్యం కూడా పోతుంది. కొత్త నాణెం మీద కాంతి పడినప్పుడు మధ్యనుంచి అంచువైపు కదిలే సన్నటి జిగి ఉంటుంది. అది లోహం పారిన జాడ. లోపం ఉన్నచోట కూడా ఆ జిగి తెగకుండా సాగిందంటే టంకశాల వైపు మొగ్గు. అక్కడికి రాగానే తెగిపోయి గీతలు కనిపిస్తే దెబ్బ వైపు. జిడ్డు మరీ ఎక్కువగా ఉంటే సబ్బునీళ్ళలో నానబెట్టి, మంచినీళ్ళలో ముంచి తీసి, మెత్తటి గుడ్డమీద వాలిస్తే చాలు. గుడ్డతో తుడవొద్దు, అద్దండి.

దగ్గర ఉండాల్సినవి

కంసాలులు వాడే పదిరెట్ల భూతద్దం, 0.01 గ్రాము వరకు చూపే జేబు త్రాసు, వెర్నియర్ కాలిపర్, చిన్న అయస్కాంతం, పక్కనుంచి వెలుతురు పడేలా వంచగలిగే టేబుల్ లైటు. అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. అదే విలువ, అదే డిజైన్, వీలైతే అదే సంవత్సరం ఉన్న మామూలు నాణెం. అంచు మీద గాళ్ళు (నిలువు గీతలు) ఎన్ని ఉండాలో, గట్టు (చుట్టూ లేచి ఉండే ఒడ్డు) ఎంత వెడల్పుండాలో, అక్షరం గట్టుకు ఎంత దూరంలో ఉండాలో అది చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడ్డాన్ని మాత్రం నమ్మకండి. ఫోన్ తనంతట తాను అంచులకు పదును పెడుతుంది. లేని గీత ఉన్నట్టు, ఒక అక్షరం రెండైనట్టు కనిపించేది చాలాసార్లు అందుకే.

నాణెం పుట్టే దారి

పొడవాటి లోహపు పట్టీలోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని కాల్చి మెత్తబరుస్తారు, శుభ్రం చేస్తారు. ఆ తర్వాత అంచును ఒత్తి గట్టులా లేపే యంత్రంలోంచి దొర్లిస్తారు. చివరికి ఆ బిళ్ళ ప్రెస్సులో రెండు అచ్చుల మధ్యకు చేరుతుంది. చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు ఉంటుంది. అచ్చులు బొమ్మా బొరుసూ ముద్రిస్తాయి. లోహం పక్కలకు పొంగిపోకుండా కాలర్ ఆపుతుంది. అంచు మీద గాళ్ళు ఉండే నాణేలకు అవీ అక్కడే పడతాయి.

అందుకే నిజమైన లోపాలు మూడే చోట్ల పుడతాయి: బిళ్ళలో, అచ్చులో, ముద్ర పడే క్షణంలో. మీ చేతిలోని వింతకు ఈ మూడింట్లో ఏదో ఒకచోట కారణం చూపించలేకపోతే అది దాదాపు కచ్చితంగా దెబ్బే. ‘ఎలా జరిగిందో తెలీదు, చాలా అరుదట’ అనే మాట వినిపిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

హైదరాబాద్ టంకశాల 1803లో పాతబస్తీలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. యంత్రం పని ఒకసారి కళ్ళకు కట్టినట్టు అర్థమైతే ఈ విద్య సగం వచ్చినట్టే, కాబట్టి అటు వెళ్ళినప్పుడు చూసి రండి. సంవత్సరం కింద ఐదు కోణాల చుక్క ఉంటే అది హైదరాబాద్‌లో తయారైన నాణెం. డైమండ్ గుర్తు ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

మొదటి మెట్టు: తూకం, కొలత, అయస్కాంతం

భూతద్దం కన్నా ముందు త్రాసు. సగం కథలు ఇక్కడే తేలిపోతాయి. తరచూ చేతికొచ్చేవాటి ప్రామాణిక బరువులు రాసిపెట్టుకోండి:

1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు.
2011 డిజైన్ రూపాయి 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు.
2011 డిజైన్ రెండు రూపాయలు 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు.
పాత మందపు ఐదు రూపాయలు, అంటే రాగి-నికెల్‌వి, 9 గ్రాములు, 23 మిల్లీమీటర్లు.
2011 డిజైన్ పసుపు రంగు ఐదు రూపాయలు 6 గ్రాములు, 23 మిల్లీమీటర్లు.
2011 డిజైన్ రెండు లోహాల పది రూపాయలు 7.71 గ్రాములు, 27 మిల్లీమీటర్లు.
పన్నెండు పలకల ఇరవై రూపాయలు 8.54 గ్రాములు.

కొత్త నాణెం కూడా బరువులో కాస్త అటూఇటూ ఉంటుంది. 3.79 ఉండాల్సింది 3.74 చూపిస్తే ఎగిరి గంతెయ్యాల్సిన పనేం లేదు.

‘వేరే బిళ్ళ మీద పడ్డ ముద్ర’ అని ఎవరైనా చెబితే బరువు, అడ్డకొలత, లోహం మూడూ ఆ వేరే బిళ్ళకు సరిపోవాలి. ఇక్కడ ఒక మెలిక. పై జాబితాలో పాత స్టీలు రూపాయి, 2011 డిజైన్ రెండు రూపాయలు రెండూ 4.85 గ్రాములే, రెండూ 25 మిల్లీమీటర్లే. అలాగే 1988 నుంచి వచ్చిన స్టీలు యాభై పైసలు, 2011 డిజైన్ రూపాయి రెండూ 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. బిళ్ళలే ఒకటైనప్పుడు ఒకదాని బిళ్ళ మీద మరొకటి పడిందని రుజువు చేసే దారే లేదు.

స్టీలు నాణేలు అయస్కాంతానికి అతుక్కుంటాయి. 1960లలోని పెద్ద నికెల్ రూపాయి కూడా అతుక్కుంటుంది. రాగి-నికెల్, ఇత్తడి రంగు నాణేలు, అల్యూమినియం పైసలు అతుక్కోవు. దీంతో ‘బంగారు రూపాయి’ గొడవ ఒక్క క్షణంలో తీరుతుంది. పసుపు రంగులో ఉండి అయస్కాంతానికి అతుక్కుంటే అది స్టీలు మీద పూత. ఇత్తడి బిళ్ళ మీదే పడి ఉంటే అతుక్కునేది కాదు, బరువూ మారేది. భూతద్దం కింద గట్టు మీద, సింహం ముక్కు మీద, అంటే ముందుగా అరిగేచోట్ల, పూత లేచి తెలుపు బయటపడుతుంది కూడా.

ఐదు రూపాయల విషయంలో చాలామంది తొందరపడతారు. 2007 డిజైన్ ఐదు రూపాయలు స్టీలుదే. తెల్లగానే ఉంటుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది, బరువు 6 గ్రాములే. ‘పసుపుది తెల్లగా పడింది’ అనుకుని దాచుకునేవాళ్ళు ముందు సంవత్సరం చూడండి.

బరువు బాగా తగ్గితే రెండు దారులున్నాయి. బిళ్ళే పలచగా పడి ఉండొచ్చు. అప్పుడు అడ్డకొలత పూర్తిగానే ఉంటుంది, నున్నదనం ఉంటుంది, గట్టు, బొమ్మలో ఎత్తైన భాగాలు మాత్రం సరిగా నిండవు. యాసిడ్ తిన్నదైతే అడ్డకొలత కూడా తగ్గుతుంది. పైభాగం గరుకుగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. అక్షరాలన్నీ ఒకే తీరున సన్నబడి, సబ్బు అరిగినట్టు మూలలు పోతాయి. గోదావరి వంతెన మీంచి రైల్లో వెళ్తూ జనం విసిరే నాణేలు ఏళ్ళతరబడి నీళ్ళలో, ఇసుకలో ఉండి దొరికినప్పుడు అచ్చం ఇలాగే కనిపిస్తాయి.

రెండో మెట్టు: ఎత్తా, పల్లమా?

అచ్చు మీద ఏది గుంటైతే నాణెం మీద అది ఎత్తు. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం పారి, నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. నాణెం మీద ఎక్కడైనా గీత కనిపిస్తే లైటును పక్కకు వంచి చూడండి. పైకి లేచిన గీతైతే అచ్చు పగులు కావచ్చు. లోపలికి దిగిన గీతైతే, పదికి తొమ్మిదిసార్లు, ఎవరో గీశారు.

మిగిలిన ఆ పదోసారి సంగతి కూడా చెప్పుకోవాలి. అచ్చుకూ బిళ్ళకూ మధ్య సన్నటి తీగ ముక్కో, దారమో, లోహపు పొట్టో ఇరుక్కుంటే నాణెం మీద గాడి పడుతుంది. దీన్ని గీతనుంచి విడదీయాలంటే గాడి ఒడ్డులు చూడాలి. గోరు, మేకు, తాళంచెవి గీసినప్పుడు నాగలి చాలుకు ఇరువైపులా మట్టి లేచినట్టు లోహం లేస్తుంది. లేచిన ఒడ్డు మీద కొత్త మెరుపు కనిపిస్తుంది. తీగ ఇరుక్కున్న గాడికి ఒడ్డులు లేవవు. అడుగు నున్నగా గుండ్రంగా ఉంటుంది, పక్కన మైదానం, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, సమంగా ఉంటుంది.

అచ్చు అంచు ముక్క విరిగిపోతే నాణెం గట్టును ఆనుకుని ఆకారం లేని ముద్ద ఒకటి లేస్తుంది, ఆ మేరకు అక్షరాలు ఉండవు. సేకర్తలు బాగా ఇష్టపడే లోపం ఇది. అందుకే టంకం వేసో, ఎపాక్సీ జిగురు పెట్టో తయారుచేసేవాళ్ళూ ఉన్నారు. నాణేన్ని తిప్పి సరిగ్గా ఆ ముద్ద వెనక భాగం చూడండి. విరిగిన అచ్చు వదిలిన ఖాళీలోకి లోహం పోయింది కాబట్టి వెనకవైపు అక్షరాలు, గట్టు నిండా పడక బలహీనంగా ఉంటాయి. ముద్ద బ్రహ్మాండంగా ఉండి వెనక భాగం కూడా నిండుగా ఉంటే అనుమానించాల్సిందే. జిగురైతే అసిటోన్‌లో కొన్ని గంటలు ఉంచితే మెత్తబడుతుంది. ఎపాక్సీకి ఇంకా ఎక్కువసేపు పట్టొచ్చు. అసిటోన్ లోహానికి హాని చెయ్యదు కానీ మంట అంటుకుంటుంది. వంటగదిలో వద్దు, కిటికీ తెరిచి చెయ్యండి.

కొరికినట్టున్న అంచు

పట్టీ సరిగా ముందుకు జరగకపోతే కత్తిరించే పంచ్ అప్పటికే పడ్డ రంధ్రం మీదికి కొంత వస్తుంది. బిళ్ళలో నెలవంక ఆకారంలో ముక్క తగ్గుతుంది. పట్టీ చివర్న పడితే తిన్నగా తెగుతుంది. ఇవి అసలువి దొరికే రకమే, నకిలీ చెయ్యడానికి అందరికీ చేతనైన రకం కూడా. ఒక ఆకురాయి, పది నిమిషాలు చాలు. పరీక్ష వరసగా చెయ్యండి.

అదే విలువ ఉన్న మామూలు నాణేన్ని ఆ కొరుకుడులో ఆనించి చూడండి. రెండూ ఒకే పంచ్ కొలతవి కాబట్టి వంపు దాదాపు కలవాలి. సైకిల్ చైను పన్ను పట్టినట్టు చిన్న వంపో, గుండ్రం కాని వంపో ఉంటే తర్వాత కోసిందే.

కొరుకుడు దగ్గరున్న అక్షరాలు చూడండి. నిజమైనదైతే ముద్ర పడినప్పుడు లోహం ఖాళీవైపు జారింది. అందుకే అక్షరాలు అటువైపు సాగి, పలచబడి, కరిగినట్టు ముగుస్తాయి. కోసినదైతే అక్షరం కత్తెరతో కాగితం కోసినట్టు చురుగ్గా తెగుతుంది. నాణెం అంచున, కోతలో, ఆకురాయి చారలు కనిపిస్తాయి.

ఇక సరిగ్గా ఎదురు గట్టు చూడండి. గట్టు లేపే యంత్రంలో కొరుకుడు ఉన్నవైపు ఒత్తడానికి ఏమీ దొరకదు, దాంతో ఎదురువైపు కూడా ఒత్తిడి తగ్గిపోతుంది. అక్కడ గట్టు సన్నగా, ఒక్కోసారి లేనట్టే ఉంటుంది. దీన్ని పాశ్చాత్య సేకర్తలు బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ఆకురాయి పట్టినవాడికి ఎదురు గట్టు సంగతి తట్టదు, తట్టినా చెయ్యలేడు. అయితే ఇది అసలువాటిలో కూడా ప్రతిసారీ కనిపించదు, ముఖ్యంగా కొరుకుడు చిన్నదైతే. కనిపిస్తే గట్టి సాక్ష్యం. కనిపించనంత మాత్రాన నకిలీ అనేయకండి.

చివరగా తూకం. పదో వంతు పోయినట్టు కంటికి కనిపిస్తే బరువు కూడా సుమారు పదో వంతు తగ్గి ఉండాలి.

పక్కకు పడ్డ ముద్ర, చదునైపోయిన బిళ్ళ

బిళ్ళ కాలర్‌లో సరిగా కూర్చోకపోతే ముద్ర పక్కకు పడుతుంది. ఒకవైపు నెలవంకలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఎప్పుడూ ముద్ర పడని లోహం. బిళ్ళ దశలోని నున్నదనం, చాలాసార్లు ముందు లేపిన గట్టు కూడా అక్కడ అలాగే ఉంటాయి. బొమ్మ అరగదీసి ఖాళీ చేసినచోట పలచదనం, గ్రైండర్ చారలు ఉంటాయి. రెండువైపులా ఖాళీ ఒకేచోట ఉండాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకవైపే ఖాళీ ఉండి రెండోవైపు నిండుగా ఉంటే అది వేరే కథ, చాలావరకు గ్రైండర్ కథే.

కాలర్ లేకుండా ముద్ర పడితే నాణెం మామూలు కన్నా వెడల్పవుతుంది, అంచు గాళ్ళు ఉండవు, బరువు మాత్రం సరిగ్గా ఉంటుంది. మధ్యభాగం మామూలుగా ఉండి, చివరి అక్షరాలు బయటికి సాగుతాయి. కాలర్ లేకుండా పడ్డవని చెప్పి చెలామణి చేసే దెబ్బలు మూడు. రైలు పట్టా మీద పెట్టినది కోడిగుడ్డు ఆకారంలోకి మారి, అద్దంలా మెరుస్తుంది. అక్షరాలు దయ్యాల్లా లీలగా మిగులుతాయి. శవయాత్రలో చల్లిన చిల్లర రోడ్డు మీద చక్రాల కింద నలిగి, కంకర గాట్లతో వస్తుంది. ఆ గాట్లు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఉంటాయి. మూడోది సుత్తితో అంచు చుట్టూ కొట్టినది. అది వెడల్పు కాదు, అంచు మందమవుతుంది. లాండ్రీ డ్రయ్యర్‌లో చిక్కుకుపోయి వేలసార్లు దొర్లిన నాణెం కూడా ఇలాగే గట్టు లోపలికి మడతపడి, కొలత తగ్గి, చూడముచ్చటగా తయారవుతుంది. ఎంత నున్నగా ఉంటుందంటే టంకశాలదేనని ఎవరైనా ప్రమాణం చేస్తారు. కాలిపర్ పెట్టండి. కొలత తగ్గి గట్టు మందం పెరిగితే డ్రయ్యర్‌దే.

అద్దంలో చూసినట్టు తిరగబడ్డ బొమ్మ

ముందు నాణెం అచ్చుకు అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళకు ఒకవైపు అచ్చు బదులు ఆ నాణెమే ముద్ర వేస్తుంది. అప్పుడు ఒకవైపు సింహాలు మామూలుగా, రెండోవైపు అవే సింహాలు లోపలికి దిగి తిరగబడి ఉంటాయి. ఆ తిరగబడ్డ వైపు మామూలుగా ఉండాల్సిన అంకె, సంవత్సరం జాడ కూడా ఉండకూడదు. ఇదే అసలు పరీక్ష.

రెండు నాణేల్ని వైస్‌లో (మరతో బిగించే ఇనుప పట్టులో) పెట్టి బిగించినా తిరగబడ్డ అక్షరాలు కొన్ని పడతాయి. కానీ అప్పటికే ఉన్న అంకె మీద అవి అడ్డంగా కూర్చుంటాయి. అడుగున పాత డిజైన్ కనిపిస్తూనే ఉంటుంది. ఎత్తైన భాగాల అచ్చే పడుతుంది, మైదానం పడదు. వైస్ పళ్ళు ఆనిన వెనకవైపు బొమ్మ చదునవుతుంది. వెనక చదునుంటే ఇంకేం చూడక్కర్లేదు.

రెండువైపులా సింహాలే ఉన్న నాణెం, రెండువైపులా అంకే ఉన్న నాణెం గురించి ఒక్క మాట. ఇంద్రజాలికుల కోసం ఇలాంటివి లేత్ మీద తయారుచేస్తారు. ఒకదాన్ని గిన్నెలా తొలిచి, రెండోదాన్ని పలచగా చేసి అందులో బిగిస్తారు. గట్టు లోపలి అంచు వెంబడి, మైదానం గట్టును కలిసేచోట, వెంట్రుకంత అతుకు కోసం చూడండి. గట్టి బల్ల మీద పడేస్తే గణగణమనదు, ముద్దగా మోగుతుంది.

పది రూపాయల నడిమి బిళ్ళ

రెండు లోహాల నాణేలు వచ్చాక లోపాలు పెరిగాయి, మోసాలూ పెరిగాయి. నడుమ బిళ్ళ లేని ఉంగరం దొరికితే లోపలి ఒడ్డు చూడండి. బిళ్ళ లేకుండానే ముద్ర పడి ఉంటే లోహం ఖాళీవైపు పొంగి, రంధ్రం ఒడ్డు గుండ్రబడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. తర్వాత సుత్తితో పొడిచి తీసినదైతే ఒడ్డు నిలువుగా ఉంటుంది, బిళ్ళ పట్టుకుని ఉన్న గాడి అలాగే కనిపిస్తుంది, ఒకవైపు ఒరుసుకుపోయిన గీతలుంటాయి. నడిమి బిళ్ళ పక్కకు జరిగి పడినదైతే డిజైన్ రెండు లోహాల మీదుగా తెగకుండా సాగాలి. రెండు లోహాలు కలిసే గీత దగ్గర డిజైన్ విరిగి పక్కకు జరిగిందంటే ముద్ర పడ్డాక కదిలిందని అర్థం.

తిరిగిన అచ్చు: కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టండి

మన గణతంత్ర నాణేన్ని గడియారంలో 12, 6 ఉండేచోట్ల రెండు వేళ్ళతో పట్టుకుని, తలుపు తిప్పినట్టు తిప్పండి. వెనకవైపు కూడా నిటారుగా కనిపించాలి. పక్కకు వాలి ఉంటే ఒక అచ్చు తన చోటునుంచి తిరిగిపోయిందన్నమాట. పది, పదిహేను డిగ్రీల వాలును ఎవరూ పట్టించుకోరు. 90, 180 డిగ్రీలకు గిరాకీ ఉంటుంది. ఈ లోపం గొప్పతనం ఏమిటంటే, ఒకే ముక్క నాణేనికి తర్వాత ఏ దెబ్బ తగిలినా ఇది రాదు. పైన చెప్పిన అతుకు లేదని చూసుకుంటే చాలు. రెండు లోహాల నాణెంలో మాత్రం ఉంగరమూ నడిమి బిళ్ళా కలిసే వాలాలి. నడిమి బిళ్ళ ఒక్కటే తిరిగి ఉంటే వదులై తిరిగింది.

కనిపించని అక్షరం, రెండైన అంకె

అచ్చు గుంటల్లో జిడ్డు, లోహపు పొడి పేరుకుంటే అక్షరం సగమే పడుతుంది, లేదా పడదు. హైదరాబాద్ చుక్క ఇలా నిండిపోయి కోణాలు పోగొట్టుకుని గుండ్రంగా కనిపిస్తే, నోయిడా చుక్క అని పొరబడేవాళ్ళున్నారు. అక్షరం చెక్కేసినదైతే ఆ చోటు పక్కకన్నా పల్లంగానో గరుకుగానో ఉంటుంది. జిడ్డువల్ల పోయినదైతే మైదానం జిగి ఆ చోటు మీదుగా మామూలుగా సాగుతుంది. ఈ రకం చాలా మామూలు. దీనికి పెద్ద ధర పెట్టొద్దు.

రెండైన అంకెల్లో ఎక్కువభాగం ముద్ర పడ్డ మరుక్షణం అచ్చు కాస్త కదిలి, అక్షరాన్ని ఒక పక్క నొక్కేసినవి. నొక్కిన భాగం మెట్టులా చదునుగా, మెరుస్తూ ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. టంకశాలలోనే జరిగినా దీన్ని సేకర్తలు లెక్కలోకి తీసుకోరు. అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడి ఉంటే రెండు అక్షరాలూ నిండుగా గుండ్రంగా ఉంటాయి, కొసలు చీలి కనిపిస్తాయి, అక్షరం మొత్తం మీద వెడల్పవుతుంది. ఆ అచ్చునుంచి వచ్చిన ప్రతి నాణెం మీదా అదే తీరు ఉండాలి. కాబట్టి అలాంటిదే రెండోది దొరికితే మీ వాదనకు బలం.

రంగు మారినవాటి సంగతి త్వరగా ముగిద్దాం. హోమగుండంలోనో చితిలోనో పడ్డ స్టీలు నాణెం గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం పట్టీలుగా మారుతుంది. అది వేడి పనితనం.

నిజాం నాణేలకు ఈ కొలతలు పనికిరావు

చార్మినార్ దగ్గరో, కోఠిలోనో హాలీ సిక్కా, అంటే నిజాం కాలపు రూపాయి, చూపించి ‘ముద్ర పక్కకు పడింది, ఎర్రర్’ అని ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకోండి. సుత్తితో కొట్టి చేసిన ఆ రూపాయల్లో అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అక్షరాలన్నీ పడ్డ నాణెమే అరుదు. వాటి మీద కనిపించే చిన్న చిన్న గాట్లు, గుర్తులు వెండి నిజమో కాదో చూడ్డానికి షరాఫులు (డబ్బు మార్చే వ్యాపారులు) వేసినవి. అవి టంకశాలవి కావు. చార్మినార్ బొమ్మ ఉన్న యంత్రపు రూపాయలకైతే పైన చెప్పిన పరీక్షలన్నీ వర్తిస్తాయి. కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నవాటికి గట్టు మీద టంకం మచ్చ ఉందేమో మాత్రం తప్పక చూడండి.

1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీకి నడుమ రంధ్రం టంకశాల వేసినదే. మిగతా నాణేలకు ఉన్న రంధ్రాలు దాదాపు అన్నీ మొలతాడుకు కట్టడానికి ఇంట్లో పొడిచినవి. రంధ్రం ఒకవైపు లోహం ముళ్ళులా లేచి ఉంటుంది.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

ఆబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌ల మీద ఎర్రర్ నాణెం చూసేటప్పుడు ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీసి, అంచు కూడా చూడనివ్వమని అడగండి. అంచు చూడనివ్వని నాణేన్ని కొనొద్దు. త్రాసు వెంట తీసుకెళ్ళడం నామోషీ కాదు.

మీ పాత నాణేన్ని కొంటామంటూ ముందు ‘రిజిస్ట్రేషన్’ రుసుము, పన్ను, కమిషన్ అడిగేవాళ్ళంతా మోసగాళ్ళే. రిజర్వ్ బ్యాంక్ పేరుతో ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. 2012లో వచ్చిన వైష్ణోదేవి నాణేలకు లక్షలనే ప్రచారం కూడా ఈ తాను ముక్కే. సరదాకి కూడా నాణేల్ని కోసి, కరిగించి చూడకండి. 2011 నాటి నాణేల చట్టం కింద అది నేరం.

ఎవరికైనా చూపించి అభిప్రాయం అడగాలంటే ఐదు ఫోటోలు తియ్యండి: బొమ్మ, బొరుసు, లోపం దగ్గరగా, లోపానికి సరిగ్గా వెనకభాగం, అంచు. ఫ్లాష్ వద్దు. లైటు ఒక పక్కనుంచి, కింది కోణంలో పడాలి. ఫోటోతోపాటు బరువు రెండు దశాంశాల వరకు, అడ్డకొలత, అయస్కాంతానికి అతుక్కుందో లేదో రాయండి. దాచుకునేటప్పుడు పీవీసీ వాసన వచ్చే మెత్తటి కవర్లు వాడొద్దు, కొన్నేళ్ళకు వాటిలోంచి ఆకుపచ్చ జిగురు కారి లోహాన్ని తింటుంది. అట్ట, మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) ఫ్రేములో పెట్టి, పిన్ను కొట్టేటప్పుడు దాని కొసలు నాణేనికి తగలకుండా పట్టుకారుతో చదును చెయ్యండి.